‘మళ్లీ నడిపితే చాలు’ – టీకా తాత్పర్య సహితం

మూలం: “అవసరమైనప్పుడు జనరేటర్‌ను మళ్లీ నడిపితే చాలు.”

అవతారిక. ఒక స్కీమా ఫైలు చేతికిస్తే అందులోంచి గో, జావా, పైథాన్ కోడు పుట్టించే పనిముట్లున్నాయి. వాటి రీడ్‌మీలలో మంగళాచరణం, ఫలశ్రుతి రెండూ తానే అయి వెలిగే సూత్రమిది. చదివేవాళ్లు మనుషులే అయినన్నాళ్లూ దీనికి వ్యాఖ్య అవసరం పడలేదు. అర్థం కానివాడు పక్క సీటు సీనియర్‌ని అడిగి పని కానిచ్చుకునేవాడు. ఇప్పుడు ఏఐ ఏజెంట్లు చదువుతున్నాయి, వాటికి పక్క సీటు లేదు. కాబట్టి టీక తప్పలేదు.

అన్వయం. వాక్యం వాక్యమనిపించుకోవాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కుదరాలని శాస్త్రం. ఇక్కడ ఆకాంక్షే తీరదు. అవసరం ఎప్పుడు పడుతుంది? స్కీమా మారితేనా, ప్లగిన్ వెర్షన్ మారితేనా? నడపడం ఏ డైరెక్టరీలోంచి? ఏ ఆప్షన్లతో? కవి విడిచిన మాటను పూరించుకోవడం వ్యాఖ్యాతలకు కొత్త కాదు. దాన్ని అధ్యాహారం అంటారు. మెదక్ సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి వంటివారు అలా పూరించినచోట ‘ఇతి శేషః’ అని రాసేవారు. ఇది కవి మాట కాదు, నేను చేర్చింది అని పాఠకుడికి ఎరుక చేయడమన్నమాట. ఏజెంటు కూడా అధ్యాహారమే చేస్తుంది, కాకపోతే ‘ఇతి శేషః’ రాయదు. లేని ఆప్షన్‌ను ఉన్నదానిలాగే, ఊహించిన కమాండును కంఠస్థం చేసినదానిలాగే నిబ్బరంగా టైపు చేసి ముందుకు పోతుంది. రోగమంతా ఇక్కడే ఉంది. విడిచిన మాటను డాక్యుమెంటు తానే చెప్పాలన్నది ఈ టీకాకారుడి పక్షం.

నిదర్శనం. ప్రోటోబఫ్ స్కీమా నుంచి గో కోడు పుట్టించేటప్పుడు ‘పాత్స్=సోర్స్_రెలెటివ్’ అనే ఆప్షన్ ఉంది. అదిస్తే పుట్టిన ఫైలు మూల ఫైలున్న ఫోల్డరుకు తగ్గచోట పడుతుంది. ఇవ్వకపోతే ఇంపోర్ట్ పాత్ ప్రకారం ఫోల్డర్లో ఫోల్డరు కట్టుకుంటూ పోయి అట్టడుగున ఎక్కడో పడుతుంది. ఆప్షన్ సంగతి తెలియని ఏజెంటు నడిపిందనుకోండి, ఎర్రరేమీ రాదు. పాత ఫైలు పాతగానే ఉంటుంది. కొత్త ఫీల్డు ఏదీ అని కంపైలరు అడుగుతుంది. ఏజెంటు పాత ఫైలు తెరిచి, స్ట్రక్ట్‌లో ఆ ఫీల్డును చేత్తో చేరుస్తుంది. కంపైలరు శాంతిస్తుంది. ఫైలు అడుగున బైట్లుగా దాగిన స్కీమా వర్ణన మాత్రం మారదు గనక, ఆ ఫీల్డు సందేశంతోపాటు అవతలికి ప్రయాణమే చేయదు. ఇంత జరిగినా రీడ్‌మీ దృష్టిలో నియమభంగం లేదు; జనరేటర్‌ను నడిపారుగా! ఇలాంటి రీడ్‌మీలు ‘వర్బోస్’ ఆప్షన్ అంటే వివరాలు ఎక్కువగా చూపేది అని మాత్రం శ్రద్ధగా చెబుతాయి. కఠినమైనచోట ‘స్పష్టం’ అని దాటేసే టీకాకారుల సంప్రదాయం అంతరించిందని ఎవరన్నారు?

పుట్టిన ఫైలు తలమీద ‘డు నాట్ ఎడిట్’ అని ఉంటుంది కదా అంటారా? ఉంటుంది. గో భాషలో ఆ వరుస ఏ రూపంలో ఉండాలో యంత్రాలు పోల్చుకునేట్టు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో సహా నిర్ణయించారు. ప్రోటోబఫ్ గో ఫైళ్లయితే వెర్షన్లు, మూల ఫైలు పేరు కూడా చెబుతాయి. నడిపిన కమాండు మాత్రం చెప్పవు. మీమాంసకుల లెక్కన ఇది విధి లేని నిషేధం.

ఇక్కడ పాణిని ప్రసక్తి రాక తప్పదు, వచ్చాక ఆపడమూ కష్టం. ఆయన వ్యాకరణం అష్టాధ్యాయి కూడా జనరేటరే. ప్రకృతి, ప్రత్యయం లోపలికి, పదం బయటికి. దాదాపు 4,000 సూత్రాలు. ప్రత్యయానికి తగిలించిన అనుబంధాలు ఏ కార్యం జరగాలో సూచించి తాము లోపించిపోతాయి, పుట్టిన పదంలో వాటి జాడే ఉండదు. అధికార సూత్రం తన ఏలుబడిని ప్రకటిస్తుంది. ఎనిమిదో అధ్యాయం రెండో పాదం మొదలవుతూనే, ఇక్కణ్ణుంచి వచ్చే కార్యాలు ముందరి సూత్రాలకు జరగనట్టే లెక్క అని హెచ్చరిక. సౌకర్యం కోసం శాస్త్రమంతటా హ్రస్వ అకారాన్ని వివృతంగా, అంటే నోరు తెరిచి పలికేదిగా భావించి, చిట్టచివరి సూత్రంలో మళ్లీ సంవృతం చేసి అప్పగించాడాయన. తాత్కాలికంగా పెట్టుకున్న ఏర్పాటును చివర విప్పేశానని కూడా రాసిపెట్టిన గ్రంథకర్త ఆయన. అయితే అనువృత్తి అనే చిక్కొకటుంది. పై సూత్రంలోని మాట కింది సూత్రాలకు దిగివస్తుంది గనక ఒక్క సూత్రాన్ని పెరికి చదివితే అర్థం కాదు. ఏజెంట్లు వెతికి పట్టుకునేది సరిగ్గా అలాంటి ఒక్క వరుసనే. పై హెడింగులో ‘వెర్షన్ 2కు మాత్రమే’ అని ఉన్నా, కింది కమాండు దగ్గర ఆ మాట లేకపోతే వాటికి అది లేనట్టే. పాణిని శిష్యులకు గ్రంథమంతా నోటికొచ్చు కాబట్టి చెల్లింది.

ప్రస్తుతానికి వద్దాం. పూర్వపక్షి అంటాడు: మోడళ్లు రోజురోజుకూ తెలివి మీరుతున్నాయి, కోడు చూసి అవే గ్రహిస్తాయి. కుదరదు. నడిపిన కమాండు ఫలితంలో మిగలనప్పుడు, లేనిదాన్ని తెలివి ఎలా చదువుతుంది? తెలివి పెరిగితే అధ్యాహారం మరింత నమ్మబలికేలా ఉంటుంది, అంతే. మరో ఆక్షేపం: అన్నీ రాస్తే టోకెన్లు ఖర్చు. అర్ధమాత్ర మిగిలితే కొడుకు పుట్టినంత సంబరపడతారని పేరుపడ్డ వైయాకరణుల ముందా లాఘవం కబుర్లు! వ్యాకరణ ప్రయోజనాలు చెబుతూ పతంజలి లాఘవంతో పాటు అసందేహాన్నీ లెక్కించాడు. అయినా కావలసింది పురాణం కాదు. కమాండు పూర్తి పాఠం, నడపాల్సిన చోటు, చదివే ఫైళ్లు, రాసే ఫైళ్లు, సరిగ్గా జరిగిందని తెలిసే గుర్తు – పది వరుసలు దాటవు. గో 1.4తో 2014లో వచ్చిన ‘గో:జనరేట్’ వరుస కమాండును మూల ఫైలులోనే కూర్చోబెట్టింది. అదీ సన్నిధి అంటే. ఏజెంట్లకు వేరే ఫైలు పెట్టి అందులో రాస్తామనేవాళ్లకు ఒక ప్రశ్న: ఆ పది వరుసలు కొత్తగా చేరిన మనిషికి మాత్రం అక్కర్లేదా? ఏళ్ల తరబడి వాళ్లు అడుగుతుంటే ‘తేలికే, చూస్కో’ అని, యంత్రం అడిగేసరికి రాయబోతున్నారు!

‘చాలు’ – ఎవరికి చాలునో చెప్పలేదు. రాసినవాడికని గ్రహించాలి, ఇతి శేషః.

‘మళ్లీ’ – మొదటిసారి ఎలా నడపాలో గ్రంథంలో ఎక్కడా లేనందున ఈ పదానికి వ్యాఖ్య రాయడం వీలుపడలేదు.