నేను, విడి కీబోర్డును

నేను విడి కీబోర్డును. ఇంటి నుంచి పని చేసేవాళ్లు కొనే సామాన్లలో నాది చివరి చోటు. ముందు కుర్చీ, తర్వాత పెద్ద మానిటర్, ఆపైన హెడ్‌సెట్టు, డబ్బు మిగిలి గుర్తుకొస్తే నేను. ఈ వరుస తప్పంటాను. చౌకగా దొరికేదాన్ని చిన్నచూపు చూడటం లోకరీతే అనుకోండి. అయినా లాప్‌టాప్ మీద రోజంతా పని చేసే మనిషికి మొదట కావలసింది నేనే.

మా వంశచరిత్రే ఇందుకు సాక్ష్యం. టైప్‌రైటర్ కాలంలో మా మీటలు యంత్రంలోనే భాగం. 1981లో ఐబీఎం పీసీ వచ్చేనాటికి నేను తీగ ఒక్కటే బంధంగా విడిగా బతికాను. తెర కళ్లెదుట, నేను చేతుల కింద. మరుసటి ఏడాదే గ్రిడ్ కంపాస్ అనే యంత్రం నన్నూ తెరనూ ఒకే బందుకు బిగించి మడతపెట్టింది. మోసుకెళ్లడానికి అది గొప్ప ఉపాయమే, కాదనను. రైల్లో గంటసేపు పనికి అంతకన్నా ఏం కావాలి? చిక్కల్లా 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వచ్చింది. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల లాప్‌టాప్‌లు ఇళ్లకు చేరి, భోజనాల బల్లల మీద పొద్దున్నుంచి రాత్రిదాకా తెరుచుకునే ఉన్నాయి. ప్రయాణానికి పుట్టింది కాస్తా కాపురానికి వచ్చింది.

తెర పై అంచు ఇంచుమించు కంటి ఎత్తులో ఉండాలి, మీటలు మోచేతి ఎత్తులో ఉండాలి. కూర్చున్న మనిషికి ఈ రెంటి మధ్య అడుగున్నర పైచిలుకు దూరం. 14 అంగుళాల లాప్‌టాప్‌ను పూర్తిగా తెరిచినా తెర లేచేది అందులో సగం కూడా కాదు. కాబట్టి మెడైనా వంగాలి, భుజాలైనా పైకి లేవాలి. నిటారుగా ఉన్నప్పుడు సుమారు 5 కిలోలుండే తల, 60 డిగ్రీలు వంగితే మెడ మీద 27 కిలోల భారం మోపుతుందని న్యూయార్క్ వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో లెక్కగట్టారు. అది కంప్యూటర్ నమూనా మీద వేసిన లెక్కే గానీ మనుషుల మెడల మీద కొలిచింది కాదు. అంకెను ఎంత తగ్గించుకున్నా, వంగేకొద్దీ భారం పెరుగుతుందన్నది మాత్రం మారదు.

మంచి కుర్చీ ఉంటే చాలదా అంటారు. కుర్చీ నడుముకు ఆసరా ఇస్తుంది, తెరను పైకి లేపలేదు. ఎంత ఖరీదైన కుర్చీలో కూర్చున్నా, కిందున్న తెర కోసం ముందుకు వంగిన మనిషి వీపు వెనక్కి ఆనదు. సరే, మానిటర్ కొంటే? లాప్‌టాప్ మీటలే వాడుతున్నంత కాలం అది బల్ల మధ్య నుంచి కదలదు. మానిటర్ పక్కకు పోతుంది, మెడ కిందికి వంగే బదులు పక్కకు తిరుగుతుంది. నేనుంటే మానిటర్ కూడా అక్కర్లేదు. లాప్‌టాప్ కింద లావుపాటి పుస్తకాలు పేర్చి, నన్నూ ఒక మౌస్‌నూ ముందు పెట్టుకుంటే చాలు. రెండూ కలిపి వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి.

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. పరికరాలు మారిస్తే నొప్పులు రాకుండా పోతాయనడానికి వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2018 నాటి సమీక్షకూ బలమైన ఆధారాలు దొరకలేదు. ఒప్పుకుంటాను. గంటల తరబడి లేవకుండా కూర్చునేవాణ్ణి ఏ వస్తువూ కాపాడదు, నేనూ కాపాడలేను. నేను నొప్పి తగ్గించే మందును కాను; కళ్లకో చోటు, చేతులకో చోటు ఇస్తాను, అంతే. అయితే నా మాటకు ఆ సమీక్ష అడ్డు కాదు. ఫలితం ఖాయం కానప్పుడు, వెయ్యితో తేలే ప్రయోగం ముందు చేయాలా, పాతికవేలు పోసే ప్రయోగం ముందు చేయాలా?

కొనేటప్పుడు అంకెల మీటల గడి లేని పొట్టిదాన్ని అడగండి. ఆ గడి ఉంటే మౌస్ దూరం జరుగుతుంది, కుడి భుజం దాని వెంట సాగుతుంది. నా వెనక మడత కాళ్లను మాత్రం లేపకండి, మణికట్టు వెనక్కి విరుచుకుంటుంది.