మునిగాక మేలుకొలుపు

విహార నౌక ఎక్కేవారికి శుభవార్త. మీ ప్రాణాలకు భద్రత తప్పక కల్పిస్తారు. కాకపోతే, అది మీ తర్వాత ఎక్కేవారికి అందుతుంది.

నమ్మకం లేకపోతే లండన్ థేమ్స్ చరిత్ర చూడండి. సరుకు ఓడలూ, పాటలు పెట్టుకుని తిరిగే విందు పడవలూ ఒకే వంతెనల కింద పోయే నది అది. 1989 ఆగస్టు 20, అర్ధరాత్రి దాటింది. ‘మార్షనెస్’ అనే చిన్న నౌకలో పుట్టినరోజు విందు. వెనకే ‘బోబెల్’ అనే ఇసుక తవ్వే ఓడ. దాన్ని నడిపే గది వెనక కొసన ఉంటుంది. ముందుకు చూద్దామంటే యంత్రాలు అడ్డం. విందు నౌక నడిపేవాడు వెనక్కి చూద్దామంటే క్యాబిన్ అడ్డం. ఒకరికి ముందు కనబడదు, ఇంకొకరికి వెనక కనబడదు. ఇద్దరికీ చీకట్లో ఒకే దారి! ఓడ గుద్దింది, 51 మంది పోయారు.

ఇక దొరల తీరిక చూడండి. సరిగ్గా చూసుకోలేదన్న అభియోగంపై ఓడ కెప్టెన్‌ను రెండుసార్లు విచారించారు. రెండుసార్లూ జ్యూరీ ఎటూ తేల్చలేదు. బహిరంగ విచారణ కోసం చనిపోయినవారి అయినవాళ్లు పదేళ్లు కాళ్లరిగేలా తిరిగితే 2000లో మోక్షం కలిగింది. థేమ్స్ మీద లైఫ్‌బోట్ స్టేషన్లు 2002లో వచ్చాయి. ఈలోగా బోబెల్ చేతులు మారి, పేరు మార్చుకుని, 1996లో మదీరా దగ్గర తానే మునిగింది. విచారణ కోసం పాపం ఆ ఓడ కూడా అంతకాలం ఆగలేకపోయింది.

మనమేమీ చంకలు గుద్దుకోనక్కర్లేదు. 2017 నవంబరులో కృష్ణా నదిలో, ఫెర్రీ రేవు దగ్గర, బోటు బోల్తాపడింది. ‘కఠిన చర్యలు’ అన్నారు. రెండేళ్లు తిరక్కుండానే, 2019 సెప్టెంబరు 15న, వరద గోదావరిలో పాపికొండలకు బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. ఆ తర్వాత బోటు కంట్రోల్ రూములకు శంకుస్థాపన! ‘వరదలో బోటు వదలొద్దు’ అనడానికి శిలాఫలకం కావాలా? ఆ బోటును పైకి లాగడానికి ధర్మాడి సత్యం బృందం లంగర్లూ ఇనుప తాళ్లూ వేసి నానా తంటాలు పడింది. నెల దాటాక గానీ బయటికి రాలేదు. రేవులో ఆపడానికైతే గట్టిగా ‘వద్దు’ అనే ఒక్క ఉద్యోగి చాలేవాడు.

కాబట్టి అయ్యా, అమ్మా! లైఫ్ జాకెట్‌ను ఫొటో దిగి పక్కన పడేయకండి, ఒంటికి బిగించుకోండి. ఇవ్వకపోతే బోటు ఎక్కకండి. టికెట్ డబ్బులు పోతే పోనివ్వండి. ఎక్స్‌గ్రేషియా ఎలాగూ మీ చేతికి రాదు.