త్రీనాట్‌త్రీకి రంపం పెడతారా!

మా మనవడు డాలస్‌లో పాత మిలిటరీ తుపాకీలు కొని దాచుకుంటున్నాడు. కొనుక్కోనీ. వాడి జీతం, వాడి బీరువా, అక్కడి చట్టం. కొన్నందుకు నాకేం బాధ లేదు. మొన్న వీడియోలో ఒకటి తెచ్చి చూపించాడు చూడండి, అప్పట్నుంచీ ఒళ్ళు మండిపోతోంది. బోల్టు వెనక మెడ దగ్గర కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ., ఇషాపూర్, 1942 అని కొట్టి ఉంది. మన సరుకే. కలకత్తా దగ్గర 1904లో పెట్టిన రైఫిల్ ఫ్యాక్టరీలో పుట్టిన త్రీనాట్‌త్రీ (.303) రైఫిలు. కానీ ముందు వైపు కర్ర సగం లేదు. గొట్టం కురచ. బాయొనెట్ తగిలించే ఇనుప ముక్కు అసలే లేదు. నెత్తిన ఓ దుర్భిణి. "స్పోర్టరైజ్ చేసింది తాతయ్యా, అంటే వేటకి తగ్గట్టు కోసింది, అందుకే చవగ్గా వచ్చింది" అని మురిసిపోతున్నాడు. "కోసింది నువ్వేనా?" అన్నాను. "కాదు, నేను పుట్టకముందే ఎవరో కోశారు" అన్నాడు. బతికిపోయాడు.

మా రోజుల్లో ఆ తుపాకీని ముట్టుకోవాలంటే ముందు చేతులు కడుక్కోవాల్సి వచ్చేది. 1962లో చైనా కొట్టిన దెబ్బకి ప్రభుత్వం ఉలిక్కిపడి, మరుసటేడు నుంచి కాలేజీ కుర్రాళ్ళందరికీ ఎన్.సి.సి. తప్పనిసరి చేసింది. 1968లో మళ్ళీ ఇష్టమున్నవాళ్ళే చేరమన్నారు, అది వేరే సంగతి. ఆ మధ్య కాలంలో ఏలూరు సి.ఆర్.రెడ్డి కాలేజీలో చదివిన వాణ్ణి నేను. కొల్లేటి లంకల నుంచి వచ్చిన మావాళ్ళలో కొందరు బూటు అనేది తొడుక్కోవడం అక్కడే మొదలు. బొబ్బలెక్కిన కాళ్ళతో, నాలుగు కిలోల ఇనుమూ కర్రా భుజాన వేసుకుని, ఎండలో నిలబడాలి. హవల్దారు "బగల్ శస్త్ర!" అంటే భుజానికి, "బాజూ శస్త్ర!" అంటే కాలి పక్కకి, "సలామీ శస్త్ర!" అంటే ముఖానికి ఎదురుగా. మాకు హిందీ ముక్క రాదు. అయినా రైఫిలు మాత్రం తప్పు చేసేది కాదు, తప్పు చేస్తే గ్రౌండు చుట్టూ దాన్ని నెత్తిన పట్టుకుని పరుగెత్తించేవాడు కాబట్టి.

అవన్నీ డ్రిల్లు తుపాకీలే. లోపల తూటాని పేల్చే సూది తీసేసి, గొట్టానికి రంధ్రం పెట్టి, డీపీ అని ముద్ర కొట్టినవి. పేలని తుపాకీని కూడా పేలేదానిలాగే చూడమనేవాడు హవల్దారు. తుపాకీ మడమ కింద ఇత్తడి మూత తెరిస్తే లోపల నూనె సీసా, పుల్‌త్రూ తాడు ఉంటాయి. తాడు కొసన చిందీ గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగాలి. గుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా లాగుతూనే ఉండాలి. నిజంగా పేలేది మాకు ఫైరింగ్ రేంజిలోనే ఇచ్చారు. మడమని భుజానికి గట్టిగా అదిమిపెట్టకపోతే అది తన్నే తన్నుకి భుజం కమిలిపోయేది. కాల్చడం అయ్యాక ఖాళీ ఖోకాలు, అంటే తూటా గుల్లలు, లెక్కపెట్టి అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా, గడ్డిలో అందరూ మోకాళ్ళ మీద వెతకాల్సిందే. ఇప్పుడు మావాడు ఖోకాల్ని డబ్బాలతో దాచి, మళ్ళీ మందు నింపుకుంటాడట. ఇంటి గ్యారేజీలో!

యుద్ధం మిగుల్చిన సరుకు మాకు తెలీనిదేం కాదు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. యుద్ధం అయిపోయాక మిలిటరీ డిస్పోజల్ అని దేశమంతా అమ్మకాలు పెట్టారు. లారీలు, జీపులు, గుడారాలు, దుప్పట్లు, బూట్లు, అన్నీ జనంలోకి వచ్చాయి. మిలిటరీ ఓవర్‌కోటుతో తెల్లారగట్ల చేలో నీరు పెట్టే రైతుల్ని నా చిన్నప్పుడు చూశాను. రాని వస్తువు ఒక్కటే, రైఫిలు.

రానిస్తారా? తెల్లవాడికి మొదట్నుంచీ ఒకటే బెంగ. సిపాయి వాడే తూటా జనం తుపాకీలో పడితే, దొంగిలించిన ప్రతి తూటా తన మీదికే తిరుగుతుందని. అందుకే సైన్యం కొలతల తుపాకీలు మామూలువాళ్ళకి నిషేధం. .303 వద్దు, .450 వద్దు అన్నాడు. దాంతో ఇంగ్లండులో వేటతుపాకీలు చేసే కంపెనీలు మన దేశం కోసమని .465 లాంటి కొత్త కొలతలు కనిపెట్టుకోవాల్సి వచ్చింది. వాడి బెంగ ఉత్తిది కాదులెండి. మన మోగల్లు వారి అబ్బాయి అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసం, తూటాల కోసమే. ఆయన లైసెన్సు దరఖాస్తు పెట్టలేదు.

స్వరాజ్యం వచ్చాక మనవాళ్ళు ఆ రూలుని అలాగే ఉంచేశారు. దానికి బదులు ఇచ్చింది .315. అదీ ఇషాపూర్‌దే, త్రీనాట్‌త్రీలో ఉన్న అదే లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టు. తూటా మాత్రం పాత ఆస్ట్రియా మాన్లికర్‌ది, త్రీనాట్‌త్రీ తూటా అందులో పనికిరాకుండా. అంటే అమెరికావాడు రంపంతో చేసిన పనిని మన సర్కారు ఫ్యాక్టరీలోనే చేసి పంపింది. కర్ర పొట్టిది, బాయొనెట్ లేదు, మేగజైన్ చిన్నది. పుట్టుకతోనే స్పోర్టర్! దాని మీద నాకు కోపం లేదు. ఏ యుద్ధమూ చూడని తుపాకీని ఎలా చేస్తే ఏం?

కోపమంతా ఆ రంపం మీదే. 1950లు, 60లలో అమెరికాలో పాత సైన్యాల తుపాకీలు కుప్పలుగా దిగాయి. ఇంగ్లండు ఎన్‌ఫీల్డులు, జర్మనీ మౌజర్లు, ఇటలీ కార్కానోలు. పోస్టులో డబ్బు పంపితే పార్సెల్ ఇంటికొచ్చేది. 1963లో కెనెడీని చంపిన కార్కానో అలా వచ్చిందే, దుర్భిణితో సహా 20 డాలర్ల లోపు. 1968లో చట్టం తెచ్చి ఆ పోస్టు బేరం ఆపారు. అంత చవగ్గా వచ్చినదానికి విలువేముంటుంది? జింకల వేటకి తేలిగ్గా ఉండాలని ముందు కర్ర కోశారు. 25 అంగుళాల గొట్టాన్ని 20కో 22కో తెగ్గొట్టారు. మౌజర్ బోల్టు పిడి దుర్భిణికి తగులుతుందని కాల్చి వంచారు. పైన డ్రిల్లు పెట్టి మరలు బిగించారు. పాత మడమ తీసి, చెంపకి ఆనేలా ఎత్తుగా చెక్కిన మెరుపుల మడమ వేశారు. తాతగారి మీసం నిద్రలో గొరిగేసి, కుర్రాడిలా ఉన్నాడని చంకలు గుద్దుకోవడం ఇది. ఇప్పుడేమో కోయనిదానికి వేలం పాటలో ఎగబడుతున్నారు, కోసినదాన్ని అడిగేవాడు లేడు. కర్ర మళ్ళీ దొరుకుతుంది, పాత ఇనుప ముక్కు దొరుకుతుంది, వాటి ఖరీదు తుపాకీ కంటే ఎక్కువట. తెగ్గొట్టిన గొట్టాన్ని ఎవడు సాగదీస్తాడు?

మనవడికి నేను చెప్పింది ఒకటే. కొంటే 2ఏ1 కొను. త్రీనాట్‌త్రీ తర్వాత ఇషాపూర్‌వాళ్ళు నాటో 7.62 తూటాకి, మంచి ఉక్కుతో, కొత్తగా చేసిన రైఫిలు అది. అంతకుముందు 2ఏకి వెనక సైటు మీద 2000 మీటర్లదాకా గీతలుండేవి. ఎవడు కాల్చేది అంత దూరం? 2ఏ1లో 800కి దించారు. బుద్ధొచ్చిందన్నమాట. అవీ అమెరికాకి మిగులు సరుకుగా వెళ్ళాయి. వాటినీ కొందరు కోశారట!

ఇక్కడ మనం చేసింది మాత్రం గొప్పా? జిల్లా పోలీసుల భుజాన తరాలపాటు ఉన్నది ఆ త్రీనాట్‌త్రీనే. ఉత్తరప్రదేశ్‌వాళ్ళు 2020 రిపబ్లిక్ డే పరేడ్‌లో దానికి వీడ్కోలైనా చెప్పారు. సూది తీసినదాన్ని ఒక్కదాన్ని, ఇషాపూర్‌లో పుట్టిన సంవత్సరంతో సహా, కాలేజీ గోడకి తగిలించడానికి ఏం అడ్డం?

కొల్లేటి సంగతి చెప్పకపోతే మా లంక స్నేహితులు ఊరుకోరు. అక్కడ రైఫిలుకి పని లేదు. శీతాకాలంలో పరజ బాతుల మీదికి దోనెల్లో వెళ్ళేది పన్నెండు బోరు తుపాకీలతో, కిక్కిస చాటున పొంచి. వన్యప్రాణి చట్టాలు వచ్చాక ఆ ఆట ముగిసింది. 1999లో సరస్సుని అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. సరస్సు ఒడ్డున ఆటపాకలో గూడబాతులు హాయిగా పిల్లల్ని పెడుతున్నాయి. మంచిదే, నేను కాదనను. కానీ తుపాకీ ఆగితే సరస్సు బతికిందా? చేపల చెరువుల గట్లు చేసినంత చెరుపు ఏ దొర వేటా చేయలేదు. 2006లో ప్రభుత్వం ఆ గట్లు పేల్చింది. కొన్నాళ్ళకి మళ్ళీ లేచాయి.

ఇక తుపాకీ లైసెన్సంటే ఇప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగే పని. 2019లో చట్టం మార్చి మనిషికి మూడు తుపాకీలన్న హద్దుని రెండుకి దించారు. 2022లో జిల్లాలు చీల్చాక తాడేపల్లిగూడెంవాళ్ళు కాగితాలకి భీమవరం వెళ్ళాలి, కైకలూరువాళ్ళు బందరు మానేసి ఏలూరు రావాలి. అదన్నా సర్దుకుంటాం. ఎన్నికల కోడ్ వస్తే మాత్రం తుపాకీ పోలీసు స్టేషన్లో పెట్టమంటారు. అసెంబ్లీకి ఒకసారి, పంచాయతీకి ఒకసారి. మా పక్కింటి పెద్దాయన తాతల నాటి పన్నెండు బోరు మొన్న అలా వెళ్ళి తుప్పుతో తిరిగొచ్చింది. "కడ్డీకి గుడ్డ చుట్టి కాస్త నూనె పెట్టించకపోయారా బాబూ" అని అడిగితే, అక్కడి కుర్ర కానిస్టేబుల్ ఫోన్లోంచి తలెత్తకుండా "మళ్ళీ ఎలక్షన్‌కి తెచ్చేటప్పుడు మీరే పెట్టి తెండి" అన్నాడట.