మామ మేజా

హోసూరు చుట్టుపక్కల ఏ పల్లెకు పోయినా పాళెగార్ల వంశమని చెప్పుకునేవాడు ఒకడుంటాడు. మాకు సొంతానికే ఒకాయన ఉన్నాడు, మా మామ. జమీందారీలు రద్దు చేస్తూ మద్రాసు ప్రభుత్వం 1948లో చట్టం చేసింది. అందులో మేజాల ఊసు లేదు కాబట్టి ఆయన మేజా మిగిలింది. పన్నెండుమంది కూర్చోవచ్చు. ఇల్లు మారినప్పుడు అది గుమ్మంలో పట్టకపోతే గుమ్మాన్నే కొట్టించాడు.

కొత్తమనిషి వస్తే కాఫీ కన్నా ముందు కథ వస్తుంది. "బ్రెట్ దొర కూచొని తిన్నింది దీనిమిందే." సేలం కలెక్టరు బ్రెట్, ఇంగ్లండులోని కెనిల్‌వర్త్ కోటలాంటిది హోసూరులో భార్య కోసం కట్టించాడని ఇక్కడ అందరూ చెప్పుకునేదే. కోట కూలిపోయింది, మేజా మాత్రం మామ ఇంటికి నడిచొచ్చిందట. వచ్చినవాడిది కృష్ణగిరి అయితే దొర మారిపోతాడు. 1792లో టిప్పు కృష్ణగిరి ఉన్న బారామహల్ సీమను వదులుకున్నాక శిస్తు తేల్చడానికొచ్చిన మన్రో దానిమీద లెక్కలు రాస్తాడు. ఇద్దరికీ నడుమ అరవై ఏళ్లుంది కదా మామా అంటే, "గట్టి చెక్కరా, ఎంతమందినైనా మోస్తాది" అంటాడు.

హైదరాబాదు ఫలక్‌నుమాలో 101 మంది కూర్చునే బల్ల ఉందని చెప్పి చూశాను. "అది పొడుగు. దీనికి వంశం ఉండాది."

జిట్రేగి చెక్కని ఆయన వాదం. పాలిష్‌కొచ్చిన వడ్రంగి అడుగున దూరి, గీకి చూసి, పనస అన్నాడు. పాలిష్ అక్కడితో ఆగిపోయింది. బెంగళూరు నుంచి పాతసామాన్ల వ్యాపారి వస్తే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బేరమాడి, అమ్మేది లేదన్నాడు. ఆయనకు కావలసింది ధర వినడమే. ఆ ధర ఏడాదికేడాది పెరుగుతోంది. దాన్ని పెంచినవాళ్లలో నేనూ ఉన్నాను. స్నేహితులకు ఫోటో చూపిస్తూ "మా ఇంటి మేజా" అంటాను, బ్రెట్‌నూ వదలను.

ఇంతకూ దానిమీద తినేదెవరు? మామిడికాలంలో తోతాపురి కాయలు, తక్కిన రోజుల్లో కరెంటు బిల్లులు, అత్త కుట్టాల్సిన రవికెలు. మామ వంటింట్లో పీటేసుకొని సంగటి, ఊరిబిండి తింటాడు. మేజామీద సంగటి పెడితే వంశానికి నామర్దా, సంగటి లేకుంటే ఆయనకు కడుపు నిండదు.

మొన్న నా స్నేహితుడికి కథ చెబుతూ మన్రో దాకా వచ్చాడు. లోపలినుంచి అత్త కేకేసింది: "ఆ దొరను రవంత లేపి, కింద నా కత్తెర ఉండాదేమో చూడు."