మ్యాచింగ్ సెంటరు మాతృమూర్తి

మా గృహమున చీరలకు ఫాలు వేయించి, పీకో చేయించి తెచ్చు బాధ్యత, నేను ఉపాధ్యాయ వృత్తి నుండి విరమించిన మరునాటి నుండియే నా శిరస్సున పడినది. పింఛను పుచ్చుకొను పురుషునకు ఇంతకంటె తగిన ఉద్యోగము లేదని మా ఆవిడ దృఢాభిప్రాయము. అందుచేత పిట్లము బజారులో, ఒకవైపు ఎరువుల దుకాణము, మరొకవైపు చాయ హోటలు నొక్కుచుండగా నడుమ ఊపిరి బిగబట్టుకొని నిలిచి, ద్వారమునకు మామిడాకులకు మారుగా రంగురంగుల లంగాలను తోరణము కట్టుకొన్న ఒకానొక మ్యాచింగ్ సెంటరు ముందటి ప్లాస్టిక్ కుర్చీయందు నా వార్ధక్యములో అధికభాగము గడచుచున్నది. అట్లు కూర్చుండి నేను గమనించిన ఒక జాతిని గూర్చి చెప్పదలచితిని. వ్యక్తిని గూర్చి కాదు. ఇట్టివారు బాన్సువాడలోను, బిచ్కుందలోను, మద్నూరులోను వీధికిద్దరు కలరు.

ఈ జాతి స్త్రీకి పేరు లేకపోలేదు గాని, దానిని వాడువారు లేరు. బోర్డు మీద పెద్దకూతురి పేరుండుటచేత బజారంతయు ఆమెను ఆ పేరుతోనే పిలుచును, ఆమెయు పలుకును. తన పేరు బోర్డు మీద లేదని ఆరేండ్ల కుమారుడు కొంతకాలము అన్నము మానగా, బిల్లుబుక్కు మీద వాని పేరు అచ్చు వేయించి సంధి చేసినది. మూడవవాడు ఎనిమిది నెలలవాడు. దుకాణము వెనుకభాగమున దూలమునకు కట్టిన చీరతొట్టెలలో నివసించుచు, ఆస్తిలో తన వాటాను గూర్చి ఇంకను నోరు విప్పలేదు. తండ్రి దుబాయిలో పని చేయుచు కొన్నేండ్లకొకసారి సెలవు మీద వచ్చి పోవుచుండును. పిల్లల వయస్సులలోని ఎడములు ఆ సెలవులకు ప్రబల సాక్ష్యములు. మిగిలిన దినములలో ఆయన దారపు ఉండల డబ్బాకు ఆనించిన ఫోనులో నుండి కుమారుని ఎక్కములు అప్పజెప్పించుకొనుచుండును. ఒకనాడు రవికె కొలత ఇయ్యవచ్చిన యువతి ఒకతె ఫోనులోని మీసములను చూచి, "ఎవలక్కా గాయన?" అని నిలిచిపోగా, ఈమె "పిల్లల డాడీ. తిప్పి పెడ్త, నువ్వు చేతులెత్తు" అని ఆయనను గోడకు అభిముఖుని గావించినది. ఆయన గోడకే పదునాలుగవ ఎక్కము చెప్పసాగెను.

ఈ జాతి జీవయాత్ర యంతయు ఒక్క మాట మీద నడచుచుండును. ఆ మాట "రేపు". రవికె ఏదమ్మా అన్న "రేపు". బూట్లేవమ్మా అన్న "రేపు". పుట్టింటికి ఎప్పుడు వత్తువు బిడ్డా అని తల్లి ఫోను చేసినను "రేపు" అనియే సమాధానము. మొదట దీనిని నేను వట్టి బొంకుగా ఎంచితిని గాని, చిరకాల పరిశీలనము వలన ఒక "రేపు"నకును మరియొక "రేపు"నకును హస్తిమశకాంతర మున్నదని తెలిసికొంటిని. మహిళాసంఘములో చెప్పిన రేపు అక్షరాల రేపే. సూర్యుడు తప్పినను వాయిదా తప్పదు. పెండ్లివారికి చెప్పిన రేపు ముహూర్తమునకు ఒక గంట ముందు వచ్చును. మా వంటివారికి చెప్పిన రేపు ఆదివారములు లెక్కలోనికి రాని ఒక విధమైన పక్షము. పిల్లలకు చెప్పిన రేపు వారు ఏడ్చుటను బట్టి ముందుకో వెనుకకో జరుగును. సమతూకము, సమతూకము అని సభలలో పలుకుదురే, అది తక్కెడతో తూచు సరకని నే నెరిగినంతలో తోచదు; ఏ పనిని ఏ రేపటిలోనికి త్రోయవలెనో ఎరుగుటయే దాని కిటుకు కాబోలు.

ఈ రేపులన్నియు నివసించు స్థానము ఒకటి కలదు. అది నూరు పుటల పొడుగు నోటుబుక్కు. ముందునుండి తెరచిన ఉద్దెర ఖాతా, వెనుకనుండి తెరచిన సంసారము. నడుమ ఈ రెండును కలిసికొన్న చోట నేనొకనాడు చదివినదిది: "మా దగ్గర బాకీ — జాకెట్లు 3, అస్తరు 2, చిన్నోనికి తొమ్మిది నెలలు నిండంగనె తట్టు సూది, పాలాయనకు 640, స్కూలు మీటింగు — చీర కట్టాలె." శిశువునకు ఆరు, పది, పదునాలుగు వారములలో వేయవలసిన టీకాల తేదీలును, సంఘపు అప్పు కిస్తీల తేదీలును ఒకే గీతలో వ్రాసి, చెల్లిన వానికి ఒకే విధమగు టిక్కు పెట్టియుండెను. ఏ టిక్కు ఏ ఋణమునకు చెందినదో ఆమెకు దక్క అన్యులకు దురవగాహము. ఒకనాడు తొందరలో చించిన పుట తారుమారై, ఒక ఆసామికి బాకీ చీటీకి బదులు కుమారుని ఇంటిపని చేరినది. ఆయన దానిని చూచి, ఏడేడ్లు నలుబదితొమ్మిది అయినచో తనకేమి సంబంధమని పోట్లాటకు వచ్చెను. బడికి చేరిన బాకీ చీటీని మాత్రము పంతులమ్మ కిమ్మనక దిద్ది, కూడిక తప్పని పంపినది. నిజముగనే నలుబది రూపాయలు తక్కువ పడియుండెను.

ఇక మిషను. దుకాణములో పీకోకు కరెంటు మిషను వేరుగా ఉన్నను, రవికెలకు ఆమె వాడునది అత్తగారి కాలమునాటి కాలి మిషను. తొట్టెలను దాని ప్రక్కనే కట్టుటచేత, చిన్నవాడు పుట్టినది మొదలు ఆ టకటక ధ్వనికి అలవడి, అది ఆగిన తక్షణము కన్నులు తెరచుట నేర్చినాడు. లాలిపాట వానికి సరిపడదు; జోల పాడిన అవ్వను అనుమానముతో చూచును. అందుచే నడిరేయి వాడు లేచినచో ఆమెయు లేచి మిషను త్రొక్కక తప్పదు. వట్టిగా త్రొక్కుట దండుగ గనుక దారమెక్కించి త్రొక్కును. దారమెక్కించిన మీదట గుడ్డ పెట్టక మానునా? ఈ ప్రకారముగా బిడ్డకు నిద్రయు, పెండ్లివారికి రవికెయు ఏకకాలమున సిద్ధమగుచుండును. ఎదురింటివారు ఆ చప్పుడు విని, ఈమె ధనాశకు అంతు లేదని కొందరు, కష్టజీవి యని కొందరు రెండు పక్షములుగా చీలిరి. తొట్టెలలోని ముద్దాయి మాత్రము ఏ పక్షమునను సాక్ష్యమీయలేదు.

అత్తగారు ఈ దుకాణపు గడప మీదనే చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుచుండును. ఈ ప్రాంతమున తునికాకు కత్తిరించుచు, చాటక్రింద పసివానిని పండుకొనబెట్టుకొని, వేయి బీడీల లెక్కతో సంసారములు నడపిన తల్లులు రెండు మూడు తరములుగా కలరు. వారి పనిని వ్యాపారమని ఎవ్వరును పిలువలేదు, వారి ఫోటో ఏ కరపత్రమునను పడలేదు. "మాకు రేపన్నది లేకుండె సారూ, సాయంత్రం కట్టలు ఇయ్యకుంటె పైసలే లేవు" అని ఆమె ఒకమారు అన్నది. అనుచు కోడలి వంక చూచిన చూపులో మెప్పున్నదో, ఈర్ష్య యున్నదో నాకు అంతుపట్టలేదు.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి, ఉద్యోగినులకు మొదటి ఇద్దరు బిడ్డలకు ఇరువదియారు వారములు, ఆ పైబిడ్డకు పండ్రెండు వారములు జీతముతో సెలవని మన పార్లమెంటు శాసించినది. నేను చదువరిని గనుక ఈ విషయమును ఆమెకు విశదపరచితిని. పదిమందికి తక్కువగాక పనిచేయు చోట్లకే ఆ చట్టము వర్తించునని కూడ న్యాయముగా చెప్పితిని. ఆమె వ్రేళ్ళు మడచి లెక్కించినది: తాను, పెద్దమ్మాయి, తీరిక యున్నపుడు గుండీలు కుట్టు అత్తగారు. "ముగ్గురమే ఐతున్నం సారూ. ఇంకేడుగురిని పెట్టుకుంటె నాకు సెలవొస్తదా, వాళ్ళకు జీతాలొస్తయా?" అని ప్రశ్నించినది. నా వద్ద ఉత్తరము లేకపోయెను. ఇంతకును ఆమె మూడవ కాన్పునకు పుచ్చుకొన్న సెలవెంత? ఇరువదియొకటవ దినమున బిడ్డను తొట్టెలలో వేసిరి. ఇరువదిరెండవ దినమున షట్టరు ఎత్తెను. దసరా ముంగిటి దినములవి. బతుకమ్మ పండుగకు రవికె లేనిచో ఊరక విడుచు ఆడది పిట్లము చుట్టుప్రక్కల లేదు.

అప్పు పుట్టిన కథ మరియు రమణీయము. 2015లో వచ్చిన ముద్ర పథకమున ఏబదివేల లోపు అప్పునకు "శిశు" అని పేరు పెట్టినారు. పీకో మిషను కొరకు బ్యాంకునకు పోగా "శిశు లోను కావాలా?" అని అడిగిరట. మరునాడు ఆమె నాడు చంకబిడ్డగా నున్న కుమారునకు తలదువ్వి, దిష్టిచుక్క పెట్టి, ఆధార్ కార్డుతో సహా వెంటగొని పోయినది. "మీరే గదా శిశువన్నరు" అని బల్లపై కూర్చుండబెట్టినదట! తర్వాతి మెట్టు "కిశోర్" అనియు, అది ఐదు లక్షల వరకనియు, ఆ మీదటిది "తరుణ్" అనియు తెలిసిన పిదప, పిల్లల పెంపకమునకును అప్పుల పెంపకమునకును సర్కారే ఒక క్రమము ఏర్పరచినదని ఆమె గట్టిగా నమ్మి, కిశోరమునకై ఎదురుచూచుచున్నది.

మండల కేంద్రమున అప్పుడప్పుడు శిక్షణ తరగతులు జరుగును. శిక్షకుడు ప్రతి తరగతిలోను, 1959లో బొంబాయి గిర్గాములో ఏడుగురు స్త్రీలు ఎనుబది రూపాయలు అప్పు తెచ్చి మిద్దె మీద అప్పడములు ఒత్తి లిజ్జత్ అను మహాసంస్థను నిర్మించిన వృత్తాంతమును చెప్పును. అది సత్యము, ఉత్తేజకరము. అందరును చప్పట్లు కొట్టినపుడు ఈమె చేయెత్తి, "ఆ ఏడుగురు అప్పడాలు చేస్తుంటె వాళ్ళ పిల్లలను ఎవలు చూసిన్రు సారూ?" అని అడిగినదట. శిక్షకుడు ఆ భాగము తన పుస్తకములో లేదని ఒప్పుకొని, చాయకు విరామము ప్రకటించెను.

సరకునకై హైదరాబాదు పటేల్ మార్కెట్టునకు పోవునాడు ఆమె వైభవము చూడవలసినదే. 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకము క్రింద ఆడవారికి ఆర్టీసీ బస్సులలో ప్రయాణము ఉచితమైనది గదా. తల్లికి సున్నా టికెట్టు, కూతురికి సున్నా టికెట్టు, కుమారునకు మాత్రము అర టికెట్టు. ఆడపిల్ల ఖర్చు, మగపిల్లవాడు లాభమని ముత్తవ్వలు వేసిన లెక్క ఆ బస్సులో తలక్రిందులైనది. కూతురు ఈ సంగతి తమ్మునికి దారి పొడుగున గుర్తుచేయుచునే యుండును.

బేరములు నాలుగు భాషలలో సాగును. మరాఠీ, కన్నడ సీమలు కూతవేటున ఉండుటచేత దెగ్లూరు కోడలు ఒకతె, బీదరు కూతురు ఒకతె ఎప్పుడును ఉందురు, ఉరుదూ సరేసరి. కాని ఉద్దెర అడుగు భాష ఒక్కటియే: "వడ్ల పైసలు పడ్డంక." ఐకేపీ కేంద్రమున వడ్లు తూకమై, ఖాతాలో సొమ్ము పడువరకు సగము ఊరి రవికెలు ఈమె అప్పు మీదనే తిరుగుచుండును. సర్కారు 2017 నుండి కొన్నేండ్లు బతుకమ్మ చీరలు ఊరకయే పంచినపుడు, దుకాణము మూతపడునేమో యని నేను బెంగటిల్లితిని. ఆమె నవ్వి, "చీర సర్కారిస్తది. ఫాలు ఎవలిస్తరు?" అన్నది. ఆ యేడు పీకో మిషనుకు ఊపిరి తీయు తీరిక లేకపోయెను.

గల్లాపెట్టె క్రింది సొరుగులో ఒక నీలపు గుడ్డ కలదు. చిల్లరకై సొరుగు లాగునపుడెల్ల దాని కొస కనబడుచుండును. సుద్దముక్కతో మెడ గీసి, కత్తిరింపక విడిచినది. ఎవరిదని అడుగగా, "నాదే సారూ, పోయిన బతుకమ్మకు" అని సొరుగు మూసినది. అప్పటికి మరల బతుకమ్మ పువ్వులు బజారులోనికి వచ్చియుండెను.

మొన్న సాయంకాలము నేను చీర కొరకు పోవుసరికి ఆమె లేదు. సంఘపు సమావేశమునకు పోయినది. పెద్దకూతురు బడిసంచిని గల్లాపై పెట్టి, తల్లి కుర్చీలో తల్లివలెనే ఒక కాలు ముడుచుకొని కూర్చుండి యుండెను. చీర సిద్ధముగా నున్నది! ఆశ్చర్యము నుండి తేరుకొని ఐదువందల నోటు ఇయ్యగా చిల్లర లేదని, "ఉద్దెర రాస్త" అని నోటుబుక్కు తెరచి, "పెద్ద సారు — 120 — వడ్ల పైసలు పడ్డంక" అని వ్రాసినది. నాకు పొలము లేదమ్మా అని మొరపెట్టుకొంటిని. ఒక్క క్షణము యోచించి, వడ్లు కొట్టివేసి "పింఛను" అని దిద్దినది. అంతలో తొట్టెల కదలెను. ఆ పిల్ల నావంక తిరిగి, "సారూ, నాకు హోంవర్క్ ఉంది. జర మిషను తొక్కుండ్రి, లేకుంటె తమ్ముడు లేస్తడు" అని ఆజ్ఞాపించినది. ముప్పదియైదేండ్లు తరగతులను శాసించినవాడను, మారు పలుకక పోయి కూర్చుంటిని. దారము లేదు, గుడ్డ లేదు; టకటకమని త్రొక్కుచుంటిని. తొట్టెల నిశ్చలమయ్యెను.

అప్పుడే గుడ్డ సంచితో ఒక ఆమె లోనికి వచ్చి, నన్ను పైనుండి క్రిందికి పరికించి, పిల్లతో, "ఏందే, సారు గిట్ల జాకెట్లు గుడ కుడుతున్నడా?" అని అడిగెను.

ఆ పిల్ల పుస్తకము నుండి తల యెత్తకయే, "కుడుతడు. గని రేపు రాండ్రి" అన్నది.