ఒక చేతిపట్టీ ఆత్మకథ

నేను గుడ్డను. నీలిరంగు జాలిగుడ్డతో ముంజేతి కొలతకు కుట్టిన యొక సంచి, ఆ సంచి కొసనుండి బయలుదేరి వీపుమీదుగా మెడను చుట్టి మరల మణికట్టునొద్దకు దిగివచ్చు నొక పటకా, మెడ ఒరసికొనకుండుటకై దానిమధ్య నమర్చిన మెత్తని స్పంజిముక్క, నడుమును చుట్టి చేతిని కడుపునకు దగ్గరగా నిలుపు మఱియొక పటకా, ఇంతకు మించి నా శరీరమున నేమియు లేదు. వైద్యులు నన్ను స్లింగ్ అందురు. క్యాంపులోని మనవారు పట్టీ యనిరి. నన్ను మెడను వేసికొన్నవానిని జూచి లోకము మొదట ‘అయ్యో’ యనును, పిమ్మట ‘ఎన్ని దినాలు?’ అని యడుగును. ఆ రెండవ ప్రశ్నలోనే నా జన్మ యంతయు నిమిడి యున్నదని నాకు తెలియుటకు కొంతకాలము పట్టినది.

జెబెల్ అలీ రేవునుండి లోపలి యెడారివైపునకు పోగా దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ అను ప్రదేశము కలదు. పేరులో పార్కను మాట యున్నను అది ఉద్యానవనము గాదు. సుమారు 2,300 హెక్టార్ల యిసుకనేలమీద గిడ్డంగులు, కర్మాగారములు, మేడలు, బడులు, ఆసుపత్రులు, వేలకొలది శ్రామికులు పండుకొను క్యాంపులు ఒకదాని ప్రక్క నొకటి వెలసిన పురము. అచటి యొక ఆసుపత్రిలో అట్టపెట్టెయందు నావంటివారు పలువురతో మడతపడి యుండగా, జూలై మాసపు ఒక మధ్యాహ్నమున నర్సు పెట్టె తెఱచి నన్ను తీసెను. ఎదుట బల్లమీద జగిత్యాల ప్రాంతమునుండి వచ్చిన 26 ఏండ్ల యువకుడు, కుడిచేతిని ఎడమచేతితో పట్టుకొని, పెదవి కఱచుకొని కూర్చుండెను. గిడ్డంగిలో తలకంటె ఎత్తున నున్న అరనుండి యొక పెట్టె జాఱగా, దానిని పడనీయరాదను తొందరలో చేతిని పైకి, వెనుకకు చాచెనట. బరువు ఆ చేతిని మఱింత వెనుకకు విఱువగా భుజపుటెముక తల తన గుంతనుండి ముందువైపునకు జాఱిపోయెను.

వైద్యుడు తొందరపడలేదు. చంక ప్రక్కగా పోవు నరము నలిగినచో భుజము వెలుపలి చర్మము మొద్దుబాఱును గనుక, మొదట అచట దూదితో తాకి స్పర్శ తెలియుచున్నదా యని యడిగెను. ఎక్స్‌రే తీయించి, మత్తుమం దిచ్చి, మెల్లగా లాగి ఎముకను గుంతలోనికి జేర్చి, మరల నొక ఎక్స్‌రే చూచి, అటుపిమ్మటనే నన్ను అతని మెడను వేసెను.

నా వంశము నేటిది గాదు. సుశ్రుతసంహిత పదునాలుగు విధముల కట్టులను పేర్కొనుచున్నది. సంధి తప్పుటలో ఉత్పిష్టము, విశ్లిష్టము, వివర్తితము, అవక్షిప్తము, అతిక్షిప్తము, తిర్యక్క్షిప్తము అని ఆఱు భేదములను చెప్పుచున్నది. భుజసంధి తప్పినపుడు రోకలితో చంకను పైకెత్తి, ఎముక స్వస్థానమును జేరిన పిదప స్వస్తికబంధము వేయుమని విధించుచున్నది. గ్రీకు దేశపు హిప్పోక్రటీసు సంప్రదాయమువారు చంకలో మడమను మోపి చేతిని లాగు పద్ధతిని వ్రాసి యుంచిరి. ఆకుపసరుతో, గ్రుడ్డుసొనతో, వెదురుబద్దలతో పేరుమోసిన పుత్తూరు కట్టు తెలుగువారి కెల్లరకు తెలిసినదే. వీరందఱు నాకు పెద్దలు. వీరియెడ నాకు గౌరవము కలదు. కాని రోకలి యెత్తినను, మడమ మోపినను, మే మందఱమును బయటనుండి పట్టి నిలుపగలిగినది ఎముకను మాత్రమే. ఎముక జాఱునపుడు దానితోబాటు లోపల చినిగిపోయిన వస్తు వొకటి కలదు. మాలో ఏ కట్టును దానిని తాకనేరదు.

ఆ వస్తువేమో వైద్యుడు కాగితముమీద గీసి చూపుచుండగా నేను అతని యెదమీదనుండి వింటిని. తుంటికీలు లోతైన గిన్నె. భుజపుకీలు లోతులేని ప్రమిద. ఆ ప్రమిదమీద బత్తాయిపండు నిలిపినట్లు భుజపుటెముక తల నిలుచును. మంచెమీద నిలిచి వడిసెల త్రిప్పుటకు, తలవెనుక చేయిపెట్టి పండుకొనుటకు, వీపు గోకికొనుటకు మనుష్యునకు గల స్వేచ్ఛ యంతయు ఆ లోతులేమివలన వచ్చినదే. జాఱిపోవు భయమును దానివలన వచ్చినదే. ఆ భయమును తగ్గించుటకై ప్రకృతి ప్రమిద అంచున చుట్టును నారవంటి మృదులాస్థితో నొక గట్టు కట్టినది. దాని పేరు లాబ్రమ్. లాటిన్ భాషలో పెదవి యని యర్థము. గుంత లోతులో సుమారు సగము ఈ పెదవి యిచ్చినదే. కీలును బిగించి పట్టు బంధనములు దీనినే అంటియుండును. పై అంచునుండి బైసెప్స్ కండరపు పొడవైన స్నాయువు పుట్టును. చెఱువు క్రింద పుట్టి పెరిగిన ఆ యువకుడు బొమ్మను కొంతసేపు చూచి, ‘అంటే కట్టకు గండి పడ్డట్టే గదా’ అని తనలో తాననుకొనెను. ఇంతకంటె చక్కని వ్యాఖ్యానమును నేను తరువాత నెచ్చటను వినలేదు.

భుజము ముందుకు జాఱినపుడు ఆ గండి సాధారణముగ ముందువైపు క్రింది అంచున పడును. జర్మనీ దేశపు పెర్తెస్ 1906లో దీనిని వర్ణించెను. ఆంగ్ల శస్త్రవైద్యుడు బ్యాంకార్ట్ 1923లో, మాటిమాటికి భుజము తప్పుటకు మూలము ఈ పెదవి ఎముకనుండి ఊడిపోవుటయే యని చాటెను గనుక నేటికిని అతని పేరనే పిలుచుచున్నారు. పై అంచున, బైసెప్స్ మొదట పడు చీలిక వేఱు. బంతి విసరువారికి, తలపై బరువు లెత్తువారికి, చాచిన చేతిమీద పడినవారికి అది వచ్చును. 1990లో స్నైడర్ దానికి స్లాప్ అను పేరిడి నాలుగు రకములుగా విభజించెను. స్కానులో చీలిక కనబడినంత మాత్రమున కత్తి పట్టవలెనని లేదు. నలుబది దాటినవారిలో నొప్పిలేని చీలికలు పలుమాఱు కనబడును. అట్టివారికి వ్యాయామమే మొదటి చికిత్స, అది చాలనిచో చీలికను కుట్టుటకంటె బైసెప్స్ స్నాయువును అచటినుండి విడదీసి క్రిందుగా నాటుటయే మేలని పలువురు శస్త్రవైద్యుల మతము.

ఇక్కడ నా మనస్సును కలచిన సంగతి యొకటి చెప్పక తీఱదు. జపానుదేశపు ఇతోయ్ అను వైద్యుడు తన సహచరులతో గూడి ఎం.ఆర్.ఐ. చిత్రములు తీసి 2001లో ప్రకటించిన దేమనగా, నేను అనాదిగా చేయుచున్నట్లు ముంజేతిని కడుపునకు చేర్చి కట్టినపుడు చినిగిన పెదవి ఎముకకు ఎడమగుచున్నదనియు, చేతిని వెలుపలికి త్రిప్పి నిలిపినపుడు ఎముకకు చేరువగుచున్నదనియు. యుగయుగములుగా మేము పట్టి నిలిపిన తీరే ఆ పెదవిని దూరము చేయుచుండెనేమో యను తలపు నన్ను దహించెను. పిమ్మటి పరిశోధనలన్నియు ఒక్క మాట చెప్పలేదు గనుక వైద్యులు నన్ను విడిచిపెట్టలేదు. అయినను ఆ నాటినుండి నేను రక్షించుచున్నానను గర్వమును విడిచితిని. నేను నొప్పి నణచుదును, బరువు మోయుదును, కొంత కాలమును సంపాదించి పెట్టుదును. అంతే.

ఆ కాలమే అతనియొద్ద లేదు. వైద్యుడు మూడు వారములు నన్ను వేసికొని, పిదప వ్యాయామముతో భుజమును బలపఱచుకొని, అంతవఱకు బరువు లెత్తవద్దని చెప్పెను. క్యాంపులో రెండంతస్తుల ఇనుప మంచములు గల గదిలో అతడు రాత్రి యెనిమిదిన్నరకు ఇంటికి వీడియో కాల్ చేయును. అచట అప్పటికి పదిగంటలు. కాల్ చేయుటకు ముందు నన్ను విప్పి దిండు క్రింద దాచును. ఊరిలో అప్పు కలదు, భార్య భయపడును, ఆ మాట ఈ నోట ఆ నోట బడి తిరిగి తన కంపెనీ చెవిని బడునేమో యని అతని బెంగ. ఒకనాడు తినుచు మాటలాడుచుండగా ఆమె కన్ను పసిగట్టెను.

‘ఏమయ్యా, ఎడమచేత్తోని తింటున్నవేంది?’

‘ఏం లేదు. కుడిచేతికి గింత గీసుకపోయింది.’

దిండు క్రిందనుండి నేను ఆ మాట వింటిని. పదవనాడే నన్ను మంచపు కడ్డీకి తగిలించి, భుజము బాగైనదని చెప్పి గిడ్డంగికి పోయెను. నన్ను ఇంకను కొన్నాళ్లు కట్టుకొని యుండినచో మరల తప్పకపోయి యుండునని నేను బొంకను. ఎక్కువ దినములు కట్టుటవలన ఆ ప్రమాదము తగ్గదని వైద్యులే చెప్పుదురు. ఇరువదుల వయస్సులో నొకసారి భుజము తప్పినవారికి అది మరల తప్పుట మిక్కిలి సాధారణము. కాని బలము చేకూఱని భుజముమీద పెట్టెలు మోపుటవలన ఆ గండి పెద్దదగునని మాత్రము నిశ్చయముగ చెప్పగలను. ఐదవ వారమున, ఎవ్వరును తాకకయే, బనీను తలమీదుగా తీయబోవుచుండగా భుజము మరల జాఱెను.

ఆ రాత్రి గదిలోని పెద్దవాడు, నిజామాబాదు ప్రాంతమువాడు, అందఱును కాకా యని పిలుచునట్టివాడు, అతని ప్రక్కన కూర్చుండి యిట్లనెను: ‘బిడ్డా, పనికాడ తగిలిన దెబ్బకు దవాఖాన పైసలు కంపినియే పెట్టాలె. ఇంట్ల కూసున్న దినాలకు జీతం గూడ ఇయ్యాలె. కాయితం మీద రాపియ్యి. దాస్తే నీకే మోసం.’ ఆయన చెప్పినది సత్యము. ఆ దేశపు 2021 నాటి 33వ కార్మికశాసనము ప్రకారము పనిలో తగిలిన గాయమునకు చికిత్సవ్యయము యజమానిది. పనిచేయలేని కాలమునకు ఆఱు నెలలవఱకు పూర్తి వేతనము, నయము గానిచో మఱి యాఱు నెలలు సగము వేతనము నీయవలెను. ఈ నాలుగు ముక్కలు విమానమెక్కుటకు ముందే మన పల్లెలలో ప్రతివానికిని తెలియజెప్పువారుండినచో, నన్ను దిండు క్రింద దాచు దుర్దశ యెందఱికో తప్పియుండును.

కాకా మాట విని అతడు మరల ఆసుపత్రికి పోగా, కీలులోనికి సూదితో రంగుమందు నెక్కించి ఎం.ఆర్.ఐ. తీసిరి, మందు గండిలోనికి చొరబడి చీలికను తెల్లని గీతగా చూపెను. గుంత ఎముక అరిగినది స్వల్పమేయని తేలెను. నాలుగవ వంతు వఱకు అరిగియుండినచో, ఫ్రెంచి వైద్యుడు లటార్జే 1954లో చెప్పినట్లు మఱియొక ఎముకముక్కను తెచ్చి అచట బిగింపవలసి వచ్చెడిది. కనుక ఊడిన పెదవిని కుట్టుటకే నిశ్చయించిరి. శస్త్రశాలలోనికి నాకు ప్రవేశము లేదు. బయట సంచిలో నుంటిని. లోపల జరిగినది తరువాత వింటిని. 1931లో న్యూయార్కున బర్మన్ మృతదేహముల భుజములలోనికి దర్శినిని చొప్పించి చూచిన విద్య నేడు చిన్నచిన్న రంధ్రములగుండ జరుగు శస్త్రచికిత్సగా పెరిగినది. ఉప్పునీటితో కీలును నింపి, ఊడిన పెదవిని మెల్లగా లేపి, ఎముక అంచును గీఱి రక్తము చిమ్మునట్లు చేసి, రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పుగల మేకులు మూడింటిని అచట నాటి, వాని దారములతో పెదవిని తిరిగి అంచునకు బిగించిరట. నేను తరతరములుగా చేయలేనిదానిని ఆ మూడు మేకులు చేసినవి. నాకు అసూయ కలుగలేదు. పెదవి ఎముకకు అతుకుకొనుటకు వారములు కావలెను. ఆ వారములను కాచుట మరల నా పాలిటనే పడెను.

ఈసారి ఆఱు వారములు. నిద్రలో చేయి వెనుకకు పోకుండుటకై అతడు గోడకు దిండ్లు చేర్చి కూర్చున్నట్లే పండుకొనెను. చొక్కా తొడుగునపుడు మొదట నొప్పిచేయి, విప్పునపుడు చివర నొప్పిచేయి. చంకలో చెమట చేరి చర్మము పాసిపోకుండ కాకా తడిగుడ్డతో తుడిచి పొడి చల్లును. అన్నము కలిపి ముద్దలు చేసి పళ్లెములో వరుసగా పెట్టును, అతడు చెంచాతో తినును. నన్ను వారమునకు రెండుసార్లు ఉతుకుదురు. గుంటూరునుండి వచ్చిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి నన్ను విప్పి, ‘అన్నా, చెయ్యి మీరు ఎత్తొద్దు. ముందుకు వంగి ఊరికే వేలాడనివ్వండి. వేళ్లూ మణికట్టూ మోచెయ్యీ మాత్రం రోజూ ఆడించాలి. చెయ్యి బయటికి తిప్పొద్దు, ఇంకా టైముంది’ అని చెప్పును. అతిగా కదలించిన కుట్టు సడలును. అసలు కదలింపకున్న కీలు బిగిసికొనిపోవును. ఆ రెండింటి నడుమ నున్న యిఱుకుదారిలో ఆమె అతనిని దినమునకు కొంచెము చొప్పున నడిపించెను. పండ్రెండవ వారమునకు గాని బలమునకై వ్యాయామము లేదు. నాలుగైదు నెలలు గడువనిదే తలపై బరువు లేదు.

శస్త్రచికిత్స జరిగిన మఱునాడు కాల్ వచ్చినపుడు నన్ను విప్పుటకు వీలు లేకపోయెను. భార్య తెరమీద నన్ను చూచెను. చాలసేపు మాటలేదు. పిమ్మట, ‘ఎన్ని దినాలు?’ అనెను.

‘నెలన్నర ఇది. బరువులకు ఇంక నాలుగైదు నెల్లు.’

‘ఆగు మరి. అప్పు ఏడికి పోదు.’

ఆఱవ వారము నిండిన నాడు నన్ను తుదిసారి ఉతికిరి. ఆ రాత్రి ఆమె ఫోనులో, ‘చెయ్యెత్తు, సూత్త’ అనెను. అతడు కుడిచేతిని ముందునకు మెల్లగా లేపెను. తొడ దాటెను, కడుపు దాటెను, భుజపు మట్టమునకు వచ్చి చేయి వణికి నిలిచెను. ‘ఇయ్యాల్టికి గింతే’ అనెను. నేను మంచపు కడ్డీమీద తడిగుడ్డనై వ్రేలాడుచుంటిని. నా కొసనుండి నీరు బొట్లుబొట్లుగా నేలమీదికి జాఱుచుండెను.