చెవులు నచ్చాయి, చొంగే నచ్చలేదు!

హైదరాబాద్‌లో ఓ బాసెట్ హౌండ్ జాతి కుక్క‌కి సంబంధాలు చూస్తున్నారు. దర్జా కోసం కొన్న మొదటి యజమాని మోజు తీరగానే వదిలించుకున్నాడు. ఇప్పుడు ఓ దయగలవారింట్లో తాత్కాలికంగా తలదాచుకుంటోంది.

చూపులకొచ్చినవాళ్లంతా ముందు వంశమే అడుగుతున్నారు. దానికేం లోటు? పుట్టిల్లు ఫ్రాన్సు, వాసన పట్టడంలో బ్లడ్‌హౌండ్ తర్వాత దీనిదే పేరు, హష్ పపీస్ చెప్పుల డబ్బా మీద బొమ్మ కూడానూ. ఎత్తు దగ్గరే పేచీ. 15 అంగుళాలు దాటదు. బరువు మాత్రం పాతిక కిలోలు! నేల ఊడ్చే ఆ చెవులు రీల్స్‌కి భలే ఉంటాయట. వాటిని తరచూ శుభ్రం చెయ్యాలంటే మాత్రం "పనమ్మాయి ఒప్పుకోదండీ". చొంగ కారుస్తుందనగానే కొత్త సోఫా గుర్తొచ్చి లేచిపోయినవాళ్లూ ఉన్నారు (కాఫీ తాగాకే లెండి).

ఒకాయన అపార్ట్‌మెంటు సంఘాన్ని అడ్డం పెట్టాడు. పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పిందని గుర్తుచేస్తే, "అయితే మా ఆవిడ ఒప్పుకోదు" అన్నాడు.

ఆవిడ అప్పటికే కింద చతికిలబడి దాని చెవులు నిమురుతోంది.